అక్క విని కొన్న గ్యాస్ పొయ్యి

మా అక్కకి చూపు పోయాక కూడా పదమూడేళ్ళు మా ఇంటి వంట ఆమే చేసింది. ఈ మాట చెబితే కొందరు నమ్మరు. నమ్మినవాళ్ళు మా ఆవిడనీ నన్నూ అదోలా చూస్తారు, కళ్ళు కనపడని మనిషి చేత చాకిరీ చేయించుకున్నారా అన్నట్టు. వాళ్ళని తప్పుపట్టను. మొదట్లో మేమూ అలాగే అనుకున్నాం. అందుకే జరిగింది జరిగినట్టు రాద్దామని కూర్చున్నాను.

మాది ఫిజీలో లంబాసా దగ్గర చెరకు పొలం. నాకు మూడేళ్ళప్పుడు అమ్మ పోయింది. అక్క నాకంటే పదేళ్ళు పెద్ద. అంటే పదమూడేళ్ళకే వంటిల్లూ నేనూ ఇద్దరం ఆమె చేతికొచ్చాం. నాన్న మాటలు తక్కువ మనిషి. పొద్దున్నే పొలంలో దిగితే చీకటి పడే వేళకే ఇల్లు చేరేవాడు. మా చుట్టుపక్కలంతా ఫిజీ హిందీయే. తెలుగు వచ్చిన ముసలివాళ్ళు భజనలకి కలిసినప్పుడు తప్ప ఎవరూ మాట్లాడేవారు కాదు. అక్క మాత్రం నాతో తెలుగే మాట్లాడేది. నేను హిందీలో జవాబు చెబితే వినపడనట్టు తన పని తాను చేసుకునేది. ఇవాళ నేను ఈ నాలుగు ముక్కలూ తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ మొండితనం పుణ్యమే.

నాన్న పొలం గట్టున రెండు వరసలు మొక్కజొన్న వేసేవాడు. ఒక వరస కాల్చుకు తినే కండెలు. రెండోది పేలాలకి, చిన్న గట్టి గింజ. కండెలు ఎండాక అక్క గింజలు వలిచి సీసాలో పోసి దాచేది. మరీ ఎండితే గింజ పేలదు. అలాంటప్పుడు సీసాలో ఒక చెంచాడు నీళ్ళు చల్లి, మూత బిగించి బాగా కుదిపి, మూడు రోజులు పక్కన పెట్టేది. వాగు పొంగి బడి దారి మూసుకుపోయిన రోజున కట్టెల పొయ్యిమీద బాణలి పెట్టేది. కొబ్బరినూనెలో ముందు మూడే మూడు గింజలు. ఆ మూడూ పేలాక మిగతావి వేసి మూత పెట్టి, చెవి వంచి కూర్చునేది. నేను మూత ఎత్తి చూడబోతే చెయ్యి మీద ఒక్కటి పడేది. చప్పుళ్ళ మధ్య ఒక ఊపిరి తీసుకునేంత ఎడం రాగానే బాణలి దించేది. ఉప్పు మెత్తగా నూరి చల్లేది, లేకపోతే పేలాలకి అంటదని.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడే అక్క పెళ్ళయింది. బడిలో ఇచ్చిన చిన్న జెండా పట్టుకుని నేను పెళ్ళి పందిట్లో తిరిగాను. బావ పక్క దీవిలో, లౌతోకాలో బస్సు డ్రైవరు. పెళ్ళి మాటలప్పుడు అక్క ఒకే షరతు పెట్టిందట, తమ్ముడు తనతో వస్తాడని. వచ్చినవాళ్ళలో ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారట. బావ మాత్రం తేలిగ్గా అన్నాడట: "రానీండి. నా బస్సులో ఎప్పుడూ ఒక సీటు ఖాళీగానే ఉంటుంది." ఆ మాట నాన్న నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు. చెప్పి, కండువాతో మొహం తుడుచుకున్నాడు. నాన్నకి తోడుగా చిన్నాన్నవాళ్ళు పొలానికి వచ్చి చేరారు. నేను ఓడెక్కి అక్కతో లౌతోకా వచ్చేశాను.

అక్కడ అద్దె ఇంట్లో కట్టెల పొయ్యి పెట్టడానికి వీల్లేదు. బావ పంపు కొట్టి వెలిగించే కిరసనాయిలు స్టవ్ తెచ్చాడు. అక్కకి అదంటే హడలు. పేలిపోతుందేమోనని వెలిగించి గుమ్మం దాకా పరుగెత్తేది. ఒక ఆదివారం బావ దాని ముందు మఠం వేసుకుని కూర్చుని అక్కని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇంజను సరిగ్గా ఉందో లేదో తాను చూసి చెప్పననీ, విని చెబుతాననీ, ఇది కూడా అంతేననీ అన్నాడు. పంపు ఎక్కువైతే ఒక చప్పుడు, తక్కువైతే ఇంకో చప్పుడు, సూది రంధ్రం మూసుకుపోతే ఒక తుమ్ములాంటి చప్పుడు. అక్కకి మధ్యాహ్నం దాకా అన్నీ వినిపించాడు. సాయంత్రం ఆ స్టవ్ మీద మొదటగా చేసింది పేలాలే. ఆ తర్వాత చాలా ఏళ్ళు బావ డ్యూటీకి వెళ్ళేటప్పుడు కాగితం పొట్లంలో పేలాలు కట్టించుకు వెళ్ళేవాడు.

ఆ ఇంట్లో నేను పరాయివాణ్ణని ఒక్క పూట కూడా అనిపించలేదు. బావ నన్ను హైస్కూలు దాకా చదివించాడు. మా వాళ్ళ సంఘం నడిపిన ఆదివారం బడిలో తెలుగు అక్షరాలు నేర్చుకోమని పంపింది కూడా ఆయనే. నాకు సర్వే ఆఫీసులో మ్యాపులు గీసే ఉద్యోగం వచ్చింది. నర్సు ఉద్యోగంలో ఉన్న అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాను. ఆవిడా తెలుగింటి పిల్లే. మాకు పిల్లలు కలగలేదు. అక్కకీ లేరు. పండగలకీ ఆదివారాలకీ నలుగురం ఒకచోటే ఉండేవాళ్ళం.

బావ ఒక ఉదయం డ్యూటీకి బయల్దేరుతూ గుండె ఆగి పోయాడు. అక్క మా ఇంటికి వచ్చేసింది. అప్పటికే ఆమెకి షుగరు ముదిరి కళ్ళకి పాకింది. మా ఆవిడ పనిచేసేది ఆసుపత్రి కళ్ళ విభాగంలోనే. చేయించాల్సిన వైద్యమంతా చేయించింది. అయినా ముందు ఎడమ కన్ను, ఏడాది తిరక్కుండా కుడి కన్ను పోయాయి. కిటికీ ఎటుందో తెలిసేంత వెలుగు మాత్రం మిగిలింది.

చూపు పోయిన కొత్తలో కూడా అక్క వంటింట్లోకి వస్తూనే ఉంది. మా ఇంట్లో అప్పుడు కరెంటు స్టవ్. చుట్టలు చుట్టిన ఇనప కడ్డీలు ఎర్రబడి కాగే రకం. ఒకరోజు మా ఆవిడ పొద్దున్న షిఫ్టుకి వెళ్ళే తొందరలో టీ పెట్టుకుని, స్విచ్ కట్టేసి వెళ్ళిపోయింది. కాసేపటికి అక్క గిన్నె ఎక్కడ పెట్టాలో తెలుసుకుందామని అరచెయ్యి స్టవ్ మీద ఆనించింది. కట్టేసిన స్టవ్ చప్పుడు చెయ్యదు. మంట లేదు కాబట్టి సెగ ఎటునుంచి వస్తోందో కూడా తెలియలేదు. అరచెయ్యంతా కాలింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి చెయ్యి నీళ్ళ గిన్నెలో పెట్టుకుని కూర్చుని ఉంది.

ఆ రోజు నుంచి మా ఆవిడ అక్కని స్టవ్ దగ్గరికి రానివ్వలేదు. పొద్దున్నే లేచి వంట చేసి, టీ ఫ్లాస్కులో పోసి, అన్నం కంచంలో పెట్టి మూత వేసి వెళ్ళేది. స్టవ్ కి కరెంటు వచ్చే మీట గోడమీద ఉండేది. దాన్ని కూడా కట్టేసేది. నేనూ అదే మంచిదనుకున్నాను. అక్క వరండాలో కుర్చీలో కూర్చునేది. సాయంత్రం నేను వచ్చేసరికి అదే కుర్చీలో, అదే తీరులో ఉండేది. మెల్లమెల్లగా మాటలు తగ్గాయి. భోజనం దగ్గర ఏది పెడితే అది తిని లేచిపోయేది. ఉప్పెక్కువైనా తక్కువైనా ఒక్క మాట లేదు. పప్పులో తిరగమోత మాడితే వీధిలోనుంచే పసిగట్టి చెప్పే మనిషి ఆమె. ఆ మౌనం చూసి నాకు భయం వేసింది.

ఒక శనివారం మా ఆవిడ డ్యూటీలో ఉంది. అక్క నన్ను పిలిచి, ఇంట్లో మొక్కజొన్న గింజలున్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. పేలాలు చేస్తాననీ, నన్ను పక్కనే నిలబడమనీ అంది. గోడమీద మీట వేశాను. గిన్నె నేనే పెట్టి, పిడి ఎటుందో ఆమె చేతికి తగిలించాను. నూనె చెంచాతో కొలిచి పోసింది. మూడు గింజలు వేసి వింది. మిగతావి వేసి మూత పెట్టింది. పట్టుకోవడానికి తడిగుడ్డ అడిగింది. మొదటి చిటపటలు మొదలవగానే ఆమె మొహం మారింది. చాలా నెలల తర్వాత ఆ మొహంలో పని కనిపించింది. సరిగ్గా అదను చూసి దించింది. ఒక్కటి మాడలేదు.

తర్వాత నన్ను చెయ్యమంది, కళ్ళు మూసుకుని. నలభై దాటిన మనిషిని, కళ్ళు గట్టిగా మూసుకుని స్టవ్ ముందు నిలబడ్డాను. చప్పుళ్ళన్నీ నాకు ఒకేలా వినిపించాయి. ఇంకా ఉన్నాయేమో, ఇంకా ఉన్నాయేమో అనుకుంటూ మాడ్చేశాను. అక్క పడీపడీ నవ్వింది. ఆ నవ్వులోనే మా ఆవిడ గేటు తీసుకుని వచ్చింది. ఇల్లంతా మాడు వాసన. వంటింటి గుమ్మంలో నిలబడి, వెలుగుతున్న స్టవ్ నీ దాని పక్కన అక్కనీ చూసింది.

కోప్పడుతుందనుకున్నాను. బ్యాగు కింద పెట్టి అక్కడే స్టూలు మీద కూలబడింది. "ఆ రోజు స్టవ్ వేడిగా వదిలి వెళ్ళింది నేనే వదినా" అంది. "కళ్ళు పోయినవాళ్ళని రోజంతా చూసే మనిషిని. నా ఇంట్లో నేనే మర్చిపోయాను. ఇంకోసారి అలా జరిగితే నేను తట్టుకోలేను."

ఆ సంగతి ఆవిడ అప్పటిదాకా నాకు కూడా చెప్పలేదు. అక్క తడుముకుంటూ వెళ్ళి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

"చెయ్యి పదిరోజుల్లో మానిపోయిందమ్మా. ఇలా కుర్చీలో కూర్చోబెడితే మాత్రం నేను ఎక్కువ రోజులు ఉండను."

ఇద్దరూ ఏడ్చారు. నేను మాడిన గిన్నె తోముతూ నిలబడ్డాను.

ఆ తర్వాత ఆవిడ ఇంట్లో ఉన్నప్పుడు అక్క స్టవ్ దగ్గరికి వచ్చేది. కానీ ఇద్దరికీ భయం పోలేదు. ఆ స్టవ్ కూడా పాతబడిపోయింది. ఒక చుట్ట పూర్తిగా కాగడం మానేసింది, ఇంకోటి ఇష్టమైనప్పుడు కాగేది. కొత్తది కొనక తప్పదని తేలింది.

ఇక్కడ మా ఆవిడ గురించి ఒక మాట చెప్పాలి. పెద్ద వీధిలో సామాన్ల దుకాణం కిటికీలో ఒక కరెంటు స్టవ్ పెట్టారు. పైన అంతా ఒకే నల్లటి గాజు పలక. బర్నర్లు లేవు, కడ్డీలు లేవు. గుడ్డతో ఒక్కసారి తుడిస్తే అద్దం. ఆసుపత్రి నుంచి బస్టాండుకి నడిచివచ్చేటప్పుడు ఆవిడ రోజూ ఆ కిటికీ దగ్గర ఆగేదట. దాని బొమ్మ ఉన్న కాగితం తెచ్చి వంటింటి అలమరాలో పెట్టుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ తనకోసం ఫలానాది కావాలని అడగడం నేనెరగను. కాబట్టి అదే కొందామని నేను మనసులో గట్టిగా అనుకున్నాను.

శనివారం ముగ్గురం దుకాణానికి వెళ్ళాం. అక్కని ఇంట్లో ఒక్కదాన్నే వదలడం ఎందుకని తీసుకెళ్ళాం. బయల్దేరేటప్పుడు ఆమె చేతిరుమాలులో ఏదో మూట కట్టుకుంటుంటే నేను పట్టించుకోలేదు.

మాకు స్టవ్ లు చూపించిన అమ్మాయి ఇక్కడి మూలవాసుల పిల్ల. మేం కైవిటీలంటాం. హిందీ నాకంటే బాగా మాట్లాడింది. గాజు స్టవ్ గురించి చెబుతూ, అక్క చెయ్యి పట్టుకుని దానిమీద పెట్టింది. అక్క అరచేత్తో ఆ చివర నుంచి ఈ చివర దాకా నిమిరింది. బల్లలా ఉందే అంది. గిన్నె ఎక్కడ పెట్టాలని అడిగింది. గాజు మీద గీసిన తెల్ల గీతల వలయాలు చూపించబోయి ఆ అమ్మాయి ఆగిపోయింది. వెలిగించేది ఎలా అని అక్క మళ్ళీ అడిగింది. మీటలు కూడా గాజు మీదే, వేలు తాకిస్తే పనిచేసేవి. అక్క వేలికి అక్కడ ఏమీ తగల్లేదు. "బాగుంది, నున్నగా ఉంది. మరదలు ముచ్చటపడింది, ఇదే తీసుకోండి" అంది. ఎవరినీ నొప్పించకుండా మాట్లాడేటప్పుడు అక్క గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ గాజు పలక మీద అక్క వేళ్ళు పడిన మరకల్ని చీర కొంగుతో తుడుస్తోంది. నెమ్మదిగా, అంచుల దాకా తుడిచింది. తుడవడం అయ్యాక ఆ అమ్మాయితో, "గ్యాస్ వి ఎక్కడున్నాయి?" అంది.

అంతే. ఆ విషయం మీద ఆవిడ ఆ రోజు కానీ తర్వాత కానీ ఇంకో మాట అనలేదు.

గ్యాస్ పొయ్యిలు అరడజను దాకా వరసగా పెట్టి ఉన్నాయి. అక్క ఒక్కోదాని ముందు ఆగి మరలు తిప్పి చూసింది. కొన్ని జారిపోయినట్టు తిరిగాయి. ఎంత తిప్పామో చేతికి తెలియదని వాటిని వదిలేసింది. రెండింటి మరలు మాత్రం పెద్దమంట దగ్గరా, మధ్యమంట దగ్గరా, చిన్నమంట దగ్గరా టిక్కుమని ఆగాయి. ఆ రెండింటి మీదా గిన్నె నిలిపే ఇనప కమ్మీలు బరువుగా, ఎత్తుగా ఉన్నాయి. ఏది ఎంచాలో వెలిగిస్తే కానీ చెప్పలేనంది. దుకాణంలో గ్యాస్ లేదు. నాకు మొహమాటం వేసింది, తర్వాత చూద్దాం పద అన్నాను. అక్క కదల్లేదు.

"పొయ్యి కొంటూ వెలిగించి చూడొద్దంటే ఎలారా?" అంటూ రుమాలు మూట విప్పింది. అందులో రెండు గుప్పెళ్ళ మొక్కజొన్న గింజలు.

ఆ అమ్మాయి నవ్వింది. దుకాణం వెనక పనివాళ్ళు టీ కాచుకునే చోట సిలిండరు ఉందని చెప్పి, లోపలికెళ్ళి పెద్దవాళ్ళ అనుమతి అడిగి వచ్చింది. గోడౌనులో పనిచేసే పెద్దాయన ఒకాయన ఆ రెండు పొయ్యిలూ వెనక్కి మోసుకొచ్చి, ఒకదాని తర్వాత ఒకటి గొట్టం తగిలించాడు. టీ గిన్నే కడిగి ఇచ్చారు. నూనె కూడా వాళ్ళదే.

అక్క మొదటి పొయ్యిమీద ఒక గుప్పెడు గింజలు వేయించింది. మూత మీద చెయ్యి ఆనించి, తల పక్కకి వంచి వింది. పేలాలు పళ్ళెంలో పోసి, అడుగున పేలకుండా మిగిలిన గింజల్ని వేళ్ళతో ఏరి లెక్కపెట్టింది. ఇరవై దాటాయి. మంట ఒక పక్కే పడుతోందని చెప్పింది. రెండోదాని మీద ఇంకో గుప్పెడు. చిన్నమంటకి తిప్పినప్పుడు ఆరిపోతుందేమోనని చెవి దగ్గరగా పెట్టింది. సన్నగా, తెగకుండా చప్పుడు వస్తూనే ఉంది. ఈసారి మిగిలినవి ఆరే గింజలు. ఇదీ అంది. పనివాళ్ళంతా చుట్టూ నిలబడి పేలాలు తిన్నారు. కాస్త మిరప్పొడి ఉంటే బాగుండేదని పెద్దాయన అన్నాడు.

మేం బిల్లు కట్టి వచ్చేస్తుంటే ఆ అమ్మాయి మా వెనకే గుమ్మం దాకా వచ్చింది. వాళ్ళమ్మ సబేటోలో ఉంటుందట. ఆమెకీ షుగరే. ఆ ఏడే చూపు పోయిందట. అప్పటినుంచీ చాప మీద గోడకి ఆనుకుని కూర్చుంటోందట, ఎవరితోనూ మాట్లాడటం లేదట. "మౌసీ, మా అమ్మని ఒకసారి మీ దగ్గరికి తీసుకురానా?" అని అక్కని అడిగింది.

అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "తీసుకురా" అంది.

ఇంటికొచ్చాక మా ఆవిడ పొయ్యి బిగించే పని తన మీద వేసుకుంది. గిన్నెల పిడులు గోడ వైపు తిరిగి ఉండాలని నియమం పెట్టింది. ఉప్పు, పసుపు, మిరప్పొడి ఒక్కో సైజు డబ్బాలో సర్దించింది. గోళ్ళరంగు సీసా తెచ్చి, మరల మీద మంట స్థాయిలకి గుర్తుగా చుక్కలు పెట్టింది. ఆరాక ఆ చుక్కలు వేలికి గరుగ్గా తగిలేవి. అక్క గోళ్ళరంగు ఏ రంగని అడిగింది. ఎరుపంటే, పెళ్ళికి కూడా పెట్టుకోలేదు, ఇప్పుడు పొయ్యికి పెట్టావా అని నవ్వింది.

సబేటో ఆవిడ ఒక బుధవారం వచ్చింది. మా ఆవిడకి సెలవు రోజది. మా అక్క ఈడు మనిషే, ఎత్తుగా, భారీగా ఉండేది. భర్త చెయ్యి పట్టుకుని వచ్చి, వంటింట్లో మొదటి గంట ఏమీ ముట్టుకోనంది. అక్క బలవంతపెట్టలేదు. తనపాటికి తాను గిన్నె పెట్టి, మూడు గింజలు వేసి, ఏది పెద్ద చప్పుడో ఏది చిన్న చప్పుడో హిందీలో చెబుతూ పోయింది. పేలడం మొదలయ్యాక ఆమె చెయ్యి తీసుకుని మూత మీద పెట్టింది. దించాల్సిన వేళ నువ్వే చెప్పమంది. ఆవిడ సరిగ్గా చెప్పింది. నేను మాడ్చిన చోట ఆవిడ మొదటిసారే గెలిచింది.

వరండాలో నేనూ ఆమె భర్తా యాంగోనా వేరు పిసికిన నీళ్ళు పోసుకున్న కొబ్బరి చిప్ప మార్చుకుంటూ కూర్చున్నాం. లోపలి నుంచి ఇద్దరి నవ్వూ వినపడింది. ఆయన చిప్ప చేతిలో పట్టుకుని తాగడం మర్చిపోయాడు. తన భార్య నవ్వు విని ఎన్నాళ్ళైందో లెక్క తెలియడం లేదన్నాడు.

ఆవిడ మళ్ళీ మళ్ళీ వచ్చింది. పేలాలతో మొదలుపెట్టి, ఆవాలు చిటపటలాడే చప్పుడు, అన్నం నీళ్ళు ఇగిరిపోయాక మారే చప్పుడు, రొట్టె కాలేటప్పుడు అరచేతికి పైనుంచి తగిలే సెగ, ఒక్కోటీ పట్టుకుంది. బదులుగా అక్కకి కొబ్బరిపాలు విరగకుండా కాచడం నేర్పింది. అక్కకి యాభై దాటినా అది ఎప్పుడూ కుదిరేది కాదు. దాలో అనే పెద్ద చేమదుంప ఉడికిందో లేదో పుల్ల గుచ్చి ఎలా తెలుసుకోవాలో కూడా ఆవిడే నేర్పింది.

రెండు మూడు నెలలయ్యాక ఒక సాయంత్రం మా ఆవిడ బట్టలు మడతపెడుతూ నాతో అంది: "పదిహేనేళ్ళుగా కళ్ళలో చుక్కలు ఎలా వేసుకోవాలో క్లినిక్కుకి వచ్చేవాళ్ళకి చెబుతూ వచ్చానండీ. చూపు పోయాక ఇంటికెళ్ళి ఎలా బతకాలో ఒక్కరికీ చెప్పలేదు. నాకే తెలీదు."

ఆ వారం నుంచి క్లినిక్కులో ఇక చూపు రాదని తెలిసిన ఆడవాళ్ళలో వస్తానన్నవాళ్ళని ఒక్కొక్కరినే బుధవారాలు మా ఇంటికి తీసుకురావడం మొదలుపెట్టింది. చెరకు రైతు భార్య ఒకావిడ వచ్చింది. రిటైరైన టీచరు ఒకావిడ వచ్చింది. ఆమె మొదటి రోజు మంట శబ్దానికే వెనక్కి వెళ్ళిపోయి, నాలుగో వారానికి మాకే పులుసు పెట్టింది. కొందరు ఒకసారి వచ్చి మళ్ళీ రాలేదు. అందరికీ సాధ్యపడుతుందని నేననను. ఒకావిడ చెయ్యి కాల్చుకుంది కూడా. ఆ రోజు మా ఆవిడ మొహం పాలిపోయింది. అక్క ఆమెకి మందు రాయించి, మరుసటి బుధవారం మళ్ళీ రమ్మంది. ఆమె వచ్చింది.

తుఫాను వచ్చి రెండు వారాలు కరెంటు లేనప్పుడు మా వీధిలో నాలుగైదు ఇళ్ళకి మా పొయ్యిమీదే వంట. చీకట్లో ఎవరికీ ఏమీ కనపడక తడబడుతుంటే, అక్క ఒక్కతే వంటింట్లో మామూలుగా తిరిగింది.

అలా పదమూడేళ్ళు. చివరి ఏడాది కాళ్ళు వాచి నిలబడలేకపోతే ఎత్తు స్టూలు వేసుకుని వండింది. ఆసుపత్రిలో పదకొండు రోజులుండి, మా ఆవిడ చేతిలో చెయ్యి పెట్టి పోయింది. ఆమె పెంచిన వాణ్ణి నేను. అయినా చివరి రోజుల్లో ఆమె ఎక్కువగా పిలిచింది మా ఆవిడనే. నాకు అందులో బాధ లేదు. ఆ ఇద్దరూ ఒకరికొకరు అలా అయ్యారన్నదే నాకు మిగిలిన పెద్ద ఆస్తి.

పెద్దకర్మ రోజు వంటవాళ్ళని మాట్లాడదామని నేను బయల్దేరుతుంటే మా ఆవిడ ఆపింది. అప్పటికే ఆమె ఎవరెవరికో ఫోన్లు చేసి పెట్టింది. పొద్దున్న ఎనిమిదింటికల్లా వాళ్ళు రావడం మొదలుపెట్టారు. బస్సుల్లో, ట్యాక్సీల్లో, కొడుకుల చేతులూ కోడళ్ళ చేతులూ పట్టుకుని ఎనిమిది మంది ఆడవాళ్ళు. అందరూ మా వంటింట్లో చేరారు. చుట్టాల్లో ఒకావిడ కంగారుపడి సాయం వెళ్ళబోయింది. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి, వాళ్ళు పిలిస్తే తప్ప ఎవరూ లోపలికి వెళ్ళొద్దని చెప్పింది. వీధిలో వేయించిన కట్టెల పొయ్యిమీద అన్నం మాత్రం మగవాళ్ళం వండాం. పప్పు, గుమ్మడికాయ కూర, పులుసు, పాయసం వాళ్ళవే. సబేటో ఆవిడ కొబ్బరిపాలు పోసి దాలో ఆకుల కూర చేసింది.

పంక్తి వేశాక ఆవిడ గరిటె పట్టుకుని, ఒక చెయ్యి కూతురి భుజం మీద వేసి వడ్డిస్తూ నా దగ్గరికి వచ్చింది. కూరలో ఉప్పు సరిపోయిందా అని హిందీలో అడిగింది. సరిపోయిందన్నాను.

"తక్కువైనా నువ్వు చెప్పవని మీ అక్క నాకు ఎప్పుడో చెప్పింది" అంటూ ఆవిడ వంగి, నా విస్తరి అంచు తడిమి, చిటికెడు ఉప్పు వేసి పక్కవాళ్ళ దగ్గరికి కదిలింది.